హిమాలయము – పేరు, కొలత, కదలిక

తెలుగునేలపై పుట్టి పెరిగినవారిలో మంచుకొండను కన్నులార చూచినవారు తక్కువ. పుష్యమాసపు తెల్లవారుజామున పొలములపై దిగు తెల్లని తెరకును, గడ్డిపరకపై నిలుచు బిందువునకును మనము మంచు అని పేరు పెట్టుకొన్నాము. గట్టిపడి, గుట్టలుగా పేరుకొని, ఏడాది పొడవునను కరగక నిలుచు మంచు మన అనుభవములోనిది కాదు. అయినను ఆ మంచుకొండ పేరు మన యిండ్లలో ప్రతిదినము వినబడుచునే యుండును. పార్వతి, గిరిజ, శైలజ, హైమవతి అని మన ఆడపిల్లలను పిలుచుచున్నాము. ఆ పేర్లన్నింటికి అర్థము ఒక్కటే: కొండరాజు కూతురు. దేశమంతయు అని చెప్పవలసినచోట ‘ఆసేతుహిమాచలము’ అందుము. ఎత్తైనదానికి, గొప్పదానికి, చలించనిదానికి పోలిక కావలసివచ్చినపుడు మొదట నోటికి వచ్చునది హిమాలయమే.

చూడని కొండ పేరు మన నోట ఇంతగా నిలిచియుండుట చిత్రమే. ఆ పేరు ఎట్లు పుట్టినది, దానిని మన పెద్దలును పరదేశీయులును ఏయే పనులకు వాడుకొన్నారు, ఆ పేరు చెప్పుదానికిని ఆ కొండ నిజముగా చేయుచున్నదానికిని ఎంత భేదమున్నది అను సంగతులను ఈ ప్రసంగమున వివరింపదలచినాము. ఈ కథలో కొంత భాగము మన హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉప్పలు, నాచారము, నాగారము ప్రాంతముల చెంతనే నడచుచున్నది. అందుచేత ఇది దూరదేశపు ముచ్చట యని శ్రోతలు అనుకొననక్కరలేదు.

మాట పుట్టుక

హిమమనగా మంచు. ఆలయమనగా నివాసము. రెండును సవర్ణదీర్ఘసంధితో కలిసి హిమాలయమైనవి. ఆలయమనగానే మనకు గుడి తలపునకు వచ్చును గాని, ఇచ్చట ఆ మాటకు ఇల్లు అనియే అర్థము. గ్రంథాలయము పుస్తకములకు ఇల్లు. విద్యాలయము చదువునకు ఇల్లు. అట్లే ఇది మంచునకు ఇల్లు.

దీనికంటె పాతది హిమవంతము అను పేరు. మంచు గలది అని దానికి అర్థము. వేదములలో కనబడు రూపము ఇదియే. అమరకోశము కొండల పేర్లను వరుసగా చెప్పుచు ఈ రూపమునే గ్రహించినది. భగవద్గీతయందు విభూతియోగమున శ్రీకృష్ణుడు, కదలని వస్తువులలో తాను హిమాలయమునని చెప్పుకొన్నాడు. కాళిదాస మహాకవి కుమారసంభవమును ఈ కొండతోనే ఆరంభించి, తూర్పు పడమటి సముద్రములను తాకుచు భూమిని కొలుచుటకు పరచిన కొలబద్దవలె నున్నదని భావించెను. ఒక పుస్తకము ఈ కొండను కదలనిదన్నది. మరియొకటి కొలబద్ద యన్నది. ఈ రెండు మాటలను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. మన కథ నడచునది ఈ రెంటి చుట్టునే.

ఈ పేరును పోలిన పేర్లు కొన్ని మనలను తికమకపెట్టుచుండును. హేమమనగా బంగారము, హిమమనగా మంచు. ఏత్వము ఒక్కటి మారినచో కొండయే మారిపోవును. అమరకోశములో హేమాద్రి యనునది మేరుపర్వతమునకు పేరు, హిమాలయమునకు కాదు. హేమలత బంగారుతీగ, హిమబిందు మంచుబొట్టు. ఇక హైదరాబాదు వాసులు ప్రతిదినము తలచు హిమాయత్‌సాగరమునకు మంచుతో ఎట్టి సంబంధమును లేదు. ఉర్దూలో హిమాయత్ అనగా ఆశ్రయము, రక్షణ. 1927లో పూర్తియైన ఆ జలాశయమునకు ఏడవ నిజాము కుమారుడగు హిమాయత్ అలీఖాను పేరు పెట్టిరి.

భూగోళ శాస్త్రజ్ఞులు హిమాలయమను పేరును ఒక హద్దులో ఉంచి వాడుదురు. పడమట సింధునది మలుపున నున్న నంగాపర్బతము మొదలు, తూర్పున బ్రహ్మపుత్ర మలుపున నున్న నామ్చాబర్వా వరకు, సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున విల్లువలె వంగియున్న శ్రేణి మాత్రమే హిమాలయము. ప్రపంచమున రెండవ ఎత్తైన శిఖరము కె-2 దానికి పొరుగుననున్న కారకోరం శ్రేణిలోనిది. మనము శివుని నివాసముగా కొలుచు కైలాసము, టిబెట్టులో, ఈ ప్రధానశ్రేణికి ఉత్తరముగా నున్నది. వాడుకభాషలో వీటినన్నింటిని హిమాలయమనుటలో దోషములేదు. అయితే పటము చూచునపుడు ఈ భేదము తెలిసియుండుట మేలు.

తెలుగువారి మంచుకొండ

తెలుగువారికి హిమాలయమును కన్నులకు కట్టించినవాడు అల్లసాని పెద్దన. 16వ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయల ఆస్థానమున వెలసిన ఆయన మనుచరిత్ర కథ చాలమంది ఎరిగినదే. తీర్థయాత్రలన్న ఆసక్తిగల గృహస్థుడు ప్రవరుడు, ఒక సిద్ధుడిచ్చిన పసరును పాదములకు పూసికొని క్షణములో హిమాలయమును చేరెను. వింతలన్నియు చూచి, మరల ఇంటికి పోదమని తలచునప్పటికి, కరిగిన మంచునీటికి ఆ పసరు కాస్త కొట్టుకొనిపోయెను. అటుపై వరూధిని, ఆమె పలుకులు, ఆతని నిరాకరణము అంతయు రసజ్ఞులు ఎరిగినదే. మేము ఇచ్చట గమనింపగోరునది వేరొకటి. ఆ కథలో హిమాలయమును చేరుట సులభము, తిరిగి వచ్చుట కష్టము. పసరు ఉన్నంతవరకు కొండ ముచ్చటగా నున్నది. పసరు కరిగిన తరువాతనే ప్రవరునకు అది ఎంత దూరమున ఉన్నదో తెలిసివచ్చినది.

చేరరాని కొండను ఇంటి దగ్గరకు తెచ్చుకొనుట మరియొక వాడుక. శ్రీకాళహస్తిని దక్షిణ కైలాసమని పిలుచుచున్నాము. విశాఖపట్టణపు సముద్రతీరమున కైలాసగిరి యున్నది. నాగారము మీదుగా పోవు దారిలో కీసరగుట్ట యున్నది. రాముడు లింగప్రతిష్ఠ చేయ సంకల్పించి కాశినుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపెననియు, ఆతడు నూటయొక్క లింగములను తెచ్చునప్పటికి ముహూర్తము మించిపోయినదనియు, హనుమంతుని తండ్రి కేసరి పేరిట ఆ కొండ కేసరిగిరి యయ్యెననియు స్థలపురాణము. చరిత్ర పరిశోధకులు ఆ గుట్టపై విష్ణుకుండినుల కాలపు కట్టడములను త్రవ్వి తీసిరి. పురాణము చెప్పినను, పలుగుపార చెప్పినను, ఒక సంగతి స్పష్టము. ఉత్తరపు పవిత్రతను తమ గుట్టపైకి దింపుకొనవలెనని ఇచ్చటివారు ఎన్నడో తలచిరి.

మన యిండ్లలో పూజకు ముందు సంకల్పము చెప్పుకొనుట ఆచారము. అందులో మనము ఉన్న చోటును గుర్తించు పద్ధతి చూడుడు. మొదట మేరువునకు ఏ దిక్కున ఉన్నామో చెప్పుదుము. పిదప శ్రీశైలమునకు ఏ దిక్కున ఉన్నామో చెప్పుదుము. ఆ వెనుక ఏయే నదుల నడుమ ఉన్నామో చెప్పుదుము. ఉప్పలులో కూర్చున్నవాడు శ్రీశైలమునకు ఉత్తరముగా, కృష్ణాగోదావరుల మధ్యనున్నానని చెప్పుకొనును. దూరమునున్న కొండలను ఆధారముగా గొని తానున్న చోటును నిర్ణయించుకొనుట! సర్వే ఉద్యోగి చేయు పనియు సూక్ష్మముగా చూచినచో ఇదియే.

కొలబద్ద దక్షిణమున పుట్టినది

హిమాలయమును కొలుచు పని హిమాలయమున ఆరంభము కాలేదు. 1802లో మద్రాసు నగరమున, పరంగికొండ సమీపమున, విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి ఏడున్నర మైళ్ల పొడవుగల ఒక సరళరేఖను ఉక్కుగొలుసుతో కొలిచెను. ఒక భుజము పొడవును, రెండు కోణములును తెలిసినచో త్రిభుజము అంతయు తెలియునని పాఠశాలలో చదువుకొన్నాము గదా. ఆ ఒక్క సూత్రముతో, త్రిభుజము పక్కన త్రిభుజము చేర్చుచు, ఈ కొండనుండి ఆ కొండను, ఆ గుడిగోపురమునుండి వేరొక గుట్టను చూచుచు, దేశమంతయు వలవలె అల్లుకొనుచు పోయిరి. కోణములను కొలుచు థియోడొలైట్ యంత్రము అరటన్ను బరువు గలది. దానిని మనుష్యులే కొండలపైకి మోసిరి.

ఆ వల క్రమముగా తెలుగునేలను దాటినది. లాంబ్టన్ కొంతకాలము హైదరాబాదును తన పనికి కేంద్రముగా చేసికొనెను. బీదరు సమీపమున మరియొక ఆధారరేఖను కొలిచెను. 1818లో ఈ పనికి మహా త్రికోణమితి సర్వే అని పేరు వచ్చినది. ఆ యేడే ఆయనకు సహాయకుడుగా నియమింపబడి హైదరాబాదునకు వచ్చి చేరినవాడు జార్జి ఎవరెస్టు. 1819లో కృష్ణాగోదావరుల నడుమనున్న అడవులలో కొలతకు పోయి ఆయన తీవ్రమైన జ్వరమున పడెను. ఆరోగ్యము కుదుటపడుటకు 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమునకు పోవలసివచ్చెను. ప్రపంచమున ఎల్లరు ఎరిగిన ఆ పేరుగల మనిషి మొదట తలపడినది మంచుతో కాదు, మన అడవులలోని జ్వరముతో.

1823లో లాంబ్టన్ నేటి మహారాష్ట్రములోని హింగన్‌ఘాటులో మరణించెను. ఎవరెస్టు ఆ పనిని చేపట్టి, 1830లో సర్వేయర్ జనరల్ అయి, 1843లో విరమించువరకు నడిపెను. కన్యాకుమారినుండి హిమాలయపాదము వరకు, 78 డిగ్రీల తూర్పు రేఖాంశము పొడవున, సుమారు 2,400 కిలోమీటర్ల మేర సాగిన ఈ కొలతను మహాచాపము అందురు. ఆ రేఖాంశము మన హైదరాబాదునకు కొంచెము పడమరగా పోవుచున్నది. హిమాలయశ్రేణి పొడవు ఎంతయో దానిని కొలుచుటకు దక్షిణమునుండి పోయిన బద్ద పొడవును సుమారుగా అంతే! కాళిదాసు తూర్పు పడమరలుగా పరచిన కొలబద్దను అందుకొనుటకు, దక్షిణోత్తరములుగా మరియొక కొలబద్ద పట్టవలసివచ్చినది.

భారత సర్వే శాఖ దేహరాదూను కేంద్రముగా నేటికిని పనిచేయుచున్నది. ఆ శాఖవారి శిక్షణసంస్థ మన ఉప్పలులో నున్నది. లాంబ్టన్ గొలుసు స్థానమున నేడు ఉపగ్రహ సంకేతములు వచ్చినవి. అయితే తెలిసిన చోటునుండి తెలియని చోటును నిర్ణయించుట యను మూలసూత్రము మారలేదు.

ఓళంబము చెప్పిన రహస్యము

గోడ నిలువుగా నున్నదో లేదో చూచుటకు మేస్త్రీ ఓళంబమును వ్రేలాడదీయును. దారమునకు కట్టిన గుండు తిన్నగా భూమి మధ్యమునకు చూపునని మన నమ్మకము. సర్వేవారును అట్లే నమ్మిరి. నక్షత్రములను చూచి ఒక చోటు అక్షాంశమును లెక్కించునపుడు, నిలువు ఎటున్నదో చెప్పునది ఓళంబమే.

మహాచాపములో కళియానా, కళియాన్‌పూరు అను రెండు స్థానముల నడుమ దూరమును రెండు విధములుగా లెక్కించిరి. త్రిభుజముల వలన ఒక అంకె వచ్చినది. నక్షత్రముల వలన మరియొక అంకె వచ్చినది. రెంటికిని సుమారు ఐదు సెకండ్ల కోణము, అనగా భూమిమీద సుమారు 160 మీటర్లు, తేడా కనబడినది. ఇంత శ్రమపడి చేసిన కొలతలో ఇది చిన్న తేడా కాదు. కళియానా హిమాలయమునకు దగ్గర. ఆ కొండల రాశి ఓళంబపు గుండును తనవైపు లాగుచున్నదా యను సందేహము కలిగినది.

కలకత్తాలో మతాధికారిగా నుండిన గణితజ్ఞుడు ప్రాట్, హిమాలయపు బరువును అంచనావేసి, అది గుండును ఎంత లాగవలెనో 1855లో లెక్కకట్టెను. ఆ లెక్క ప్రకారము తేడా సుమారు పదియారు సెకండ్లు కావలెను. కనబడినది ఐదే! అంత పెద్ద కొండ తనకు తగినంతగా లాగకపోవుట ఏమి? ఆ యేడే ఇంగ్లండులో ఎయిరీ అను ఖగోళజ్ఞుడు ఒక సమాధానము చెప్పెను. నీటిపై తేలు మంచుగడ్డ వలె కొండయు తేలుచున్నది. పైకి కనబడు భాగమునకు అడుగున, తేలికైన రాతితో కూడిన లోతైన వేరు ఒకటి యున్నది. చుట్టునున్న బరువైన పదార్థముకంటె ఆ వేరు తేలిక కావున లాగుడు తగ్గినది. నేటి భూభౌతికశాస్త్రమునకు ఇది మూలస్తంభములలో ఒకటి. కొండలకు వేళ్లున్నవను సంగతి, మేస్త్రీ చేతిలోని సాధనము వంటి ఒక గుండు వలన తెలిసినది.

ఎవరి పేరు?

ఎవరెస్టు విరమించిన తరువాత ఆండ్రూ వా సర్వేయర్ జనరల్ అయ్యెను. నేపాలు రాజ్యములోనికి సర్వేవారికి ప్రవేశము లేదు. కావున బీహారు మైదానములనుండి, వంద మైళ్లకు పైబడిన దూరమునుండి, మంచుశిఖరములను గురిచూచి కోణములు కొలిచిరి. పేర్లు తెలియని శిఖరములకు సంఖ్యలు వేసిరి. వాటిలో 15వ శిఖరము అన్నింటికంటె ఎత్తైనదని లెక్కలు తేల్చినవి. ఆ లెక్కలలో ప్రముఖుడు వంగదేశీయుడు రాధానాథ్ సిక్దార్. 1852 ప్రాంతమున తేలిన ఆ ఎత్తు 29,002 అడుగులు. 2020 డిసెంబరులో నేపాలు, చైనా ప్రభుత్వములు కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. ఈ రెంటికిని తేడా సుమారు 9 మీటర్లు మాత్రమే. వంద మైళ్ల దూరమునుండి, గాలిలో వంగివచ్చు కాంతిని సరిదిద్దుకొనుచు చేసిన లెక్కకు ఇది ఘనతయే.

1856లో వా ఈ శిఖరమునకు తన పూర్వాధికారి ఎవరెస్టు పేరు పెట్టవలెనని ప్రతిపాదించెను. దానికి స్థానికమైన పేరు తమకు తెలియరాలేదని ఆయన కారణము చెప్పెను. శిఖరములకు స్థానికుల పేర్లనే ఉంచవలెనన్నది ఆ శాఖవారి ఆచారము. చిత్రమేమనగా, ఎవరెస్టు స్వయముగా ఆక్షేపించెను. తన పేరును భారతీయులు పలుకలేరనియు, హిందీలోను పారసీకములోను వ్రాయుట కుదరదనియు 1857లో ఆయన వాదము. ఆయన ఇంటిపేరు నిజమైన ఉచ్చారణము ‘ఈవ్‌రెస్టు’. మన తెలుగులిపికి ఆ పేరును వ్రాయుట కష్టము కాదు. అయితే మనతోపాటు లోకమంతయు దానిని తప్పుగానే పలుకుచున్నది. అభ్యంతరములు ఎట్లున్నను 1865లో లండనులోని రాజకీయ భూగోళ సంఘము ఆ పేరును అంగీకరించినది.

నిజమునకు టిబెట్టువారు ఆ శిఖరమును చోమోలుంగ్మా అని పిలుచుచుండిరి. ఆ పేరును పోలిన పేరు 18వ శతాబ్దపు ఫ్రెంచి పటములలోనే కనబడుచున్నది. నేపాలువారు నేడు వాడు సాగరమాథా అను పేరును 20వ శతాబ్దమున చరిత్రకారుడు బాబూరాం ఆచార్య ప్రచారమునకు తెచ్చెను. ఒక్క శిఖరమునకు మూడు పేర్లు: కొలిచినవారి పేరు, నీడలో బ్రతుకువారి పేరు, రాజ్యము పేరు. ఏ పేరు పెద్దది యను తగవు మనకు వలదు. పటములో అచ్చైన పేరు ఒక్కటే కనబడునపుడు, దాని వెనుక అచ్చుకాని పేర్లు ఉండునని తెలిసికొనిన చాలును. మన ఊళ్లలోని గుట్టలకును, కుంటలకును ఇదియే వర్తించును. ఊరివారు పిలుచు పేరును ఎవరును వ్రాసికొననిచో, ఒకనాడు పటములో అది పేరులేనిదే యగును.

అచలము చలించుచున్నది

సంస్కృతమున కొండకు అచలమని పేరు. నగమనియు పేరు. రెంటికిని కదలనిది, పోనిది అనియే అర్థము. హిమాచలము, హిమనగము అనునపుడు మంచుగల కదలని వస్తువు అని చెప్పుచున్నాము. భూశాస్త్రము ఈ మాటను తలక్రిందులు చేసినది.

కొన్ని కోట్ల సంవత్సరముల క్రిందట భారతభూభాగము దక్షిణార్ధగోళమునుండి విడివడి ఉత్తరముగా సాగివచ్చి, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాఖండమును ఢీకొన్నది. నడుమనున్న టెథిస్ సముద్రము మూసికొనిపోయినది. దాని అడుగుననున్న బురదయు, సున్నపురాయియు ముడుతలు పడి పైకి లేచినవి. హిమాలయమనగా ఆ ముడుతలే. దీనికి సాక్ష్యము మన పూజామందిరములలోనే యున్నది. నేపాలులోని గండకీనదిలో దొరకు సాలగ్రామములు, ఒకనాటి సముద్రములో బ్రతికిన చుట్టలగుల్ల జీవుల శిలారూపములు. చక్రమని మనము కన్నులకద్దుకొను ఆ చుట్ట, ఆ కొండ ఒకప్పుడు సముద్రమని చెప్పు ముద్ర.

ఇక మన నేల సంగతి. ఉప్పలు, నాచారము, నాగారము వైపున ఇండ్ల నడుమ నేటికిని అక్కడక్కడ కనబడు గుండ్రని నల్లరాతి గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివి. హిమాలయముతో పోల్చినచో ఏబదిరెట్లు పాతవి. మన గుండురాయిని ఏబదియేండ్ల పెద్దమనిషి యనుకొన్నచో, హిమాలయము ఏడాది పసిబిడ్డ. ఎత్తున్నది గదాయని పెద్దదనుకొనుచున్నాము. నిజమునకు వయస్సు మీరిన కొండలు అరిగి పొట్టివగును. ఎత్తు పడుచుదనపు గుర్తు.

ఆ ఢీకొనుట ఇంకను ఆగలేదు. మన నేల నేటికిని ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యముగా జరుగుచున్నది. ఉప్పలు దారిలో, హబ్సిగూడలో, 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ యున్నది. ఆ ఆవరణమున ఉపగ్రహ సంకేతములను ఎడతెగక గ్రహించు ఒక స్థిరకేంద్రము ఈ కదలికను నమోదు చేయుచున్నది. అరువదియేండ్ల క్రిందట నాగారములో కట్టిన ఇల్లు, తన పునాదితోను, వేపచెట్టుతోను, బావితోను కూడ, నేటికి సుమారు మూడు మీటర్లు జరిగినది. ఇరుగు పొరుగు అంతయు కలిసి జరుగుచున్నందున ఎవరికిని తెలియదు. ఈ కదలికలో ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు హిమాలయమున అణగిపోవుచున్నది. అణగినదంతయు రాతిలో బిగువుగా నిలువయై, ఒకనాడు ఒక్కసారిగా తెగును. అదియే భూకంపము. 1934లో బీహారు నేపాలు సరిహద్దున, 1950లో అస్సాములో, 2015 ఏప్రిల్ 25న నేపాలులో జరిగినది ఇదే. ఆ చివరిదానిలో సుమారు తొమ్మిదివేలమంది మరణించిరి.

పేరుకు తగిన వాడుక

1919లో గాంధీమహాత్ముడు, ప్రజలు సత్యాగ్రహమునకు సిద్ధముగా లేకుండగనే తాను పిలుపునిచ్చితినని గ్రహించి, దానిని హిమాలయమంతటి పొరపాటని నడియాదులో ఒప్పుకొనెను. అప్పటినుండి ఆ మాట దేశభాషలన్నింటిలో నానుడి యైనది. తప్పును దాచుటకు గాక, దాని పరిమాణమును ఉన్నదున్నట్లు చెప్పుటకు ఆయన కొండపేరును వాడెను. పేరును కొలతగా వాడుట యనగా ఇదియే.

దీనికి భిన్నమైన వాడుకయు కలదు. నేడు నూనెసీసాపైన, మసాలాపొట్లముపైన, ఫలహారశాల బోర్డుపైన ఈ కొండపేర్లు కనబడును. చల్లదనము, స్వచ్ఛత, ఎత్తు అను మూడు గుణములను పేరు ఊరకనే తెచ్చిపెట్టును గదా. అందులో తప్పులేదు. అయితే ఆ పేరును వినివిని, కొండయు సీసాపై బొమ్మవలె శాశ్వతముగా, చల్లగా, కదలక యుండునను భ్రమ మనలో నాటుకొనుచున్నది. 2013 జూన్ 16, 17 తేదీలలో కేదారనాథమున ఆ భ్రమ ఎంత ప్రాణాంతకమో తెలిసినది. కుంభవృష్టి కురిసి, ఎగువనున్న చోరాబారి సరస్సు కట్ట తెగి, రాళ్లతో కూడిన వరద ఊరిని ముంచినది. వేలమంది పోయిరి. తెలుగునేలనుండి పోయిన యాత్రికులును ఆ వరదలో చిక్కుకొనిరి. ఇంటిలో దీపము వెలిగించి ఎదురుచూచిన కుటుంబములు అనేకము.

ప్రవరుని పసరు నేడు విమానముగా, హెలికాప్టరుగా, మంచి రోడ్డుగా మనకు లభించినది. చేరుట మరల సులభమైనది. కొండ మాత్రము మారలేదు. అది నేటికిని పసిదే, అల్లరిదే. వానకాలమునకు ముందే యాత్ర ముగించుకొనుట, వాతావరణశాఖవారి హెచ్చరికను రేడియోలో విని నిలిచిపోవుట, నదియొడ్డున కట్టిన సత్రమును గాక మిట్టనున్నదానిని చూచుకొనుట భక్తికి లోపములు కావు. కొండను ఎరిగి చేయు నమస్కారములు.

ఎరిగి ఎక్కినవారును మనలో నున్నారు. ఉప్పలునుండి వరంగల్లు దారిన తూర్పునకు పోయినచో భువనగిరి వచ్చును. త్రిభువనమల్ల బిరుదుగల చాళుక్య విక్రమాదిత్యుని పేరిట త్రిభువనగిరియై, జనుల నోట భువనగిరి యైన ఆ ఒంటిరాతి కోట, నేడు కొండలెక్కువారికి పాఠశాల. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మము ప్రాంతపు ఆనంద్‌కుమార్, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులుగా ఆ రాతిపై తొలిపాఠములు నేర్చుకొని, పిదప డార్జిలింగులో మంచుపై నడక నేర్చి, 2014 మే 25న టిబెట్టువైపునుండి ఎవరెస్టు శిఖరమును చేరిరి. అప్పటికి పూర్ణకు నిండ పదునాలుగేండ్లు లేవు. 250 కోట్ల యేండ్ల తాతరాయి పాఠము చెప్పగా, ఐదుకోట్ల యేండ్ల పసికొండను ఎక్కిరి. వారికి పసరు లేదు. ఒక్కొక్క అడుగును కొలుచుకొనుచు పోయిరి, కొలుచుకొనుచునే తిరిగి వచ్చిరి.

హిమాలయమను పేరును మనము వదలుకొనవలసిన పనిలేదు. మన గిరిజలును, శైలజలును ఆ పేర్లతోనే వర్ధిల్లుదురుగాక. అయితే ఆ పేరు పలికినప్పుడెల్ల దానిలో కదలని కొండను గాక, కదలుచున్న నేలను, కరగుచున్న మంచును, దానిని ఓపికతో కొలిచినవారిని కూడ తలచుకొందము. మంచికొలతకు లొంగినపుడే గొప్పదనము గొప్పదనముగా నిలుచును.